చిన్నరాణి గొంతు

ఉతికిన బట్టలు ఒళ్ళో వేసుకుని మడతలు పెడుతున్న తల్లి, పెద్దకూతురు చెప్పులు వేసుకునేదాకా ఆగి అప్పుడు అడిగింది. "ఇంతకీ చిన్నరాణిని చంపేస్తారా ఏమిటే?"

పొద్దున్నే ఈ గొడవేమిటని కూతురు విసుక్కుంది. సీరియల్లో ముందు ముందు ఏం జరుగుతుందో బయట చెప్పకూడదని స్టూడియోవాళ్ళకు సంతకం చేసి ఇచ్చింది ఆమె. ఆ సంగతి తల్లికి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. వింటేగా!

ఆ సీరియల్ ఏదో పరాయి భాషది. మంచుకొండల మధ్య ఒక రాజ్యం, రెక్కల గుర్రాలు, సింహాసనం కోసం కొట్టుకు చచ్చే అక్కచెల్లెళ్ళు. కిరీటం పెట్టుకున్న అక్కకు తెలుగులో గొంతు ఇచ్చేది పెద్దకూతురు. సైన్యాన్ని వెంటేసుకుని ఆమె మీదికి దండెత్తే చెల్లెలు చిన్నరాణికి గొంతు ఇచ్చేది, నిజంగానే ఆమె చెల్లెలు. ఎవరు ఏరికోరి పెట్టారో గానీ, తెర మీద వాళ్ళిద్దరూ ఒకరినొకరు అనుకోని మాట లేదు. తెర బయట మాత్రం రెండేళ్ళుగా మాటల్లేవు.

చెల్లెలి కాపురం చెడినప్పుడు వచ్చింది ఈ తంటా అంతా. మొగుడితో ఎందుకు ఉండలేదో ఆ పిల్ల ఏడుస్తూ చెబుతుంటే, రెండువైపుల పెద్దలూ కూర్చున్న గదిలో అక్క లేచి, దీనికే నోటిదురుసు, చిన్నప్పట్నుంచీ ఇంతే అనేసింది. ఎలాగోలా సర్దిచెప్పి కాపురానికి పంపేద్దామనుకుంది. అవతలివాళ్ళు ఊరుకుంటారా? సొంత అక్కే అంది కదా అని, విడాకులు అయ్యేదాకా ఆ మాటనే పట్టుకుని చెల్లెల్ని పీక్కుతిన్నారు. అప్పట్నుంచీ చెల్లెలు ఈ గుమ్మం తొక్కలేదు. తల్లిని చూడాలనిపిస్తే పార్కుకి పిలిపించుకుంటుంది.

డబ్బింగులో ఎవరి మాటలు వాళ్ళు ఒంటరిగా చెప్పుకుని పోవచ్చు. చెల్లెలు ముందురోజు సాయంత్రం చెప్పి వెళ్ళిపోతుంది, అక్క మర్నాడు పొద్దున చెబుతుంది. ముందు చెప్పినవాళ్ళ గొంతు రెండోవాళ్ళకు హెడ్‌ఫోన్‌లో వినిపించడం రివాజు, అప్పుడే జవాబు పొందికగా కుదురుతుంది. అక్క మాత్రం మొదటిరోజే సౌండ్ ఇంజనీరుకి ఖచ్చితంగా చెప్పేసింది, చెల్లెలి ట్రాక్ తనకు వేయొద్దని, పరాయి భాషదే చాలని. ఇంట్లో తల్లి సీరియల్ పెట్టిందంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. అలా చెల్లెలి గొంతు చెవిన పడకుండానే ఏడాదిగా ఆమెతో యుద్ధం చేస్తోంది. పెదవుల కదలికకు మాట అతికించడం ఆ పిల్లకు నేర్పింది కూడా తనే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సీరియల్ వేళయినా టీవీ మూగగా ఉంది. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. పెద్దకూతురి భర్త తలగోక్కుంటూ వచ్చి అసలు సంగతి చెప్పాడు. చిన్నరాణి చనిపోతుందని ఫోన్‌లో ఎక్కడో చదివి, అత్తగారు అంతగా అడుగుతుంటే ఉండబట్టలేక చెప్పేశాడు.

పెద్దకూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. అసలే ఒళ్ళు హూనమై వచ్చింది. తల్లి మంచం పక్కకు వెళ్ళి, సీరియల్ కోసం తిండి మానేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా, నలుగురూ వింటే నవ్విపోతారని కేకలేసింది. అదంతా ఉత్త కథ అంది.

తల్లి నెమ్మదిగా లేచి కూర్చుంది.

"నాకు కథతో ఏం పనే? ఆ రాజెవడో, మంత్రెవడో నాకు ఈరోజుకీ తెలీదు. మీరిద్దరూ మాట్లాడుకునేది అక్కడొక్కచోటే. తిట్టుకోండి, కత్తులు దూసుకోండి. నా పిల్లలిద్దరి గొంతులూ ఒక్కచోట వినపడతాయని కూర్చుంటున్నా. రేపట్నుంచి అదీ లేకపోతే నేనింకేం వినను?"

పెద్దకూతురు మంచం అంచున కూర్చుంది. రోజూ టీవీకి వీపు పెట్టి బట్టలు మడతపెట్టే తల్లిని చూసి, బొమ్మ చూడకుండా ఇదేం సీరియల్ పిచ్చి అని తను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. అయినా పట్టు వదలక, అది మాత్రం ఒక్కసారైనా ఫోన్ చేసిందా అంది.

"మాట జారింది అదా?" అంది తల్లి. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు చిన్నరాణి చావు సీను. పెద్దకూతురు గాజుగదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి మైకులో, ఈరోజు చెల్లెలి ట్రాక్ వేయండి అంది. అద్దం అవతల ఇంజనీరు నిజమేనా అన్నట్టు చూశాడు. అడక్కుండా నోరు విప్పే మనిషి కాదు. ఆరోజు విప్పాడు.

"రోజూ అడుగుతుంది మేడమ్, అక్క విన్నదా, ఏమన్నా అందా అని. బావుందన్నారనే చెబుతున్నా. మీరు వినరని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

తెర మీద చిన్నరాణి మంచులో పడి ఉంది. చెవుల్లో చెల్లెలి గొంతు వణికింది. "అక్కా, చలేస్తోంది" అంది. అంతే, పెద్దకూతురు కూలబడిపోయింది. రాణికి రాసిపెట్టిన కేక ఆమె గొంతులోంచి రానేలేదు, వచ్చిందంతా సొంత ఏడుపు. డైరెక్టర్ ఆ ఏడుపే ఉంచేద్దాం, అద్భుతంగా వచ్చిందన్నాడు. తీసేయండి, అది మీది కాదు అందామె.

ఇంటికి వెళ్ళకుండా సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. మిగిలిన మూలుగులూ ఆయాసాలూ చెప్పడానికి చెల్లెలు వచ్చింది. అక్కను చూసి గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరగబోయింది. గదిలో డైరెక్టరూ, ఇంజనీరూ, మాటల రచయితా ఉన్నారు. వాళ్ళు ఉండటమే మంచిదనుకుంది అక్క.

"ఆరోజు అందరిలో నీకు నోటిదురుసన్నాను. అందుకే ఇందరిలో చెబుతున్నా. తప్పు నాదే. నువ్వు నిజమే చెబుతున్నావని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడ్డాను."

చెల్లెలు కళ్ళు తుడుచుకోలేదు, దగ్గరికీ రాలేదు.

"ఇది చెప్పడానికి రెండేళ్ళు కావాలా నీకు?"

"కావలసొచ్చింది. నీ గొంతు నిన్నటిదాకా వినలేదు. ఒక్కరోజు కూడా వినలేదు."

ఆ మాటకు చెల్లెలి ముఖం పాలిపోయింది. ఇక అక్కడ మొదలైంది. ఇన్నాళ్ళూ విన్నావనుకుని నీ మెప్పు కోసం గొంతు చించుకున్నానే అని చెల్లెలు, తిట్టు ఇంకా తిట్టు అని అక్క. పని ముగించుకుని వీధిలోకి వచ్చినా ఆగలేదు, బస్సులోనూ ఆగలేదు. పెళ్ళినాటి సంగతులూ, చిన్నప్పుడు విరగ్గొట్టిన బొమ్మలూ అన్నీ బయటికొచ్చాయి. ఇల్లు వచ్చినా చెల్లెలు ఆ ధాటిలో గమనించనేలేదు, అక్కను దులిపేస్తూనే మెట్లెక్కింది. అక్క జవాబు చెబుతూనే తలుపు తట్టబోయింది.

లోపల్నుంచి తల్లి మాట వినపడింది. అల్లుడితో అంటోంది.

"బాబూ, సీరియల్ వస్తున్నట్టుంది, నాకు పూర్తిగా వినపడటంలేదు. కాస్త సౌండు పెంచు."

టీవీ పెట్టలేదు అత్తయ్యా, అన్నాడు అల్లుడు.

అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల తల్లి మూలుగుతూ లేవడమూ, గోడ తడుముకుంటూ గబగబా రావడమూ వినిపించాయి. చెల్లెలు ఇంక ఉండలేక, "అమ్మా" అని తనే తలుపు తోసింది.