మూత తిరగెయ్యని దొంగ

ఉదయం తొమ్మిది. ఫ్రేజర్‌బర్గ్ రేవు.

జాలరి ఇన్నెస్ పడవ కేబిన్‌ను ఎవరో తుక్కుతుక్కు చేశారు. అద్దాలు పగిలాయి. వైర్లు తెగాయి. పోయింది మాత్రం ఒక్క మెమరీ కార్డు.

"ఇరవై ఏళ్లుగా ఎక్కడ వల లాగానో అంతా అందులోనే ఉందమ్మా," ఇన్నెస్ తల పట్టుకున్నాడు. "పన్నెండింటికి ప్లానింగ్ ఆఫీసువాళ్లు సముద్రం మ్యాప్ ఖాయం చేస్తారు. రుజువు చూపకపోతే మ్యాప్‌లో నేను వేటాడే గడి ఖాళీ అని గాలిమరలు పాతేస్తారు. నేనిక చచ్చినట్టే."

"కాపీ లేదా?" ఇన్‌స్పెక్టర్ మోరాగ్ అడిగింది.

"వేటచోటుకి కాపీలు తీసి పంచుతామా?"

"ఎక్కడ దాచారు?"

"కింద, చేపల గదిలో. నిన్న ఇద్దరికే చూపించా. గాలిమరల కంపెనీ ఆలివర్‌కి, నాలాగే వేటకెళ్లే మా బావమరిది గెవిన్‌కి. గెవిన్ నా మనిషి. ఇది ఆ కంపెనీవాడి పనే!"

చేపల గది చెక్కమూత తీసి, పైవైపు పైకే ఉండేలా డెక్ మీద పెట్టి ఉంది. మోరాగ్ దాని ముందు చాలాసేపు నిలబడింది.

పదకొండున్నరకి ఇద్దరినీ పడవ మీదికి పిలిపించింది. అప్పటికి మూత మళ్లీ వేయించింది.

"ఆలివర్, ఈ మూత తీసి పక్కన పెట్టండి."

ఆలివర్ ఆపసోపాలు పడి ఎత్తి, తలకిందులుగా పడేశాడు.

"ఒరేయ్ దరిద్రుడా, తిప్పరా! పడవ మునగాలనా?" గెవిన్ ఒక్క ఉదుటున వచ్చి మూతని సరిచేశాడు.

"మా నాన్నా ఇలాగే అరిచేవాడు," అంది మోరాగ్. "మూత బోర్లపడితే పడవ బోల్తాపడుతుందని మన జాలర్ల నమ్మకం. బయటివాడి పనిలా కనబడాలని కేబిన్ పగలగొట్టిన దొంగ, మూతని మాత్రం పద్ధతిగా పెట్టాడు. ఆలివర్‌కి ఆ భయమే లేదు. గెవిన్, కార్డేదీ?"

గెవిన్ ఇన్నెస్ వైపు తిరిగాడు.

"నీళ్లలో పారేశా. బావా, గాలిమరలకి మనిద్దరి గడుల్లో ఒకటి పోక తప్పదన్నారు. నాది పోతే పిల్లలకేం పెట్టను?"

"నన్ను అడగాల్సిందిరా," అన్నాడు ఇన్నెస్.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మోరాగ్ పట్టింది. పట్టి ఏం లాభం? ప్లానింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలింది. రికార్డు లేని మాట చెల్లదన్నారు.

పన్నెండయింది. ఆలివర్ ఫోన్ మోగింది.

"మరలు ఇన్నెస్ గారి గడిలోనే," అన్నాడు తలెత్తకుండా.

"అయితే నాది మిగిలినట్టేగా?" గెవిన్ అడిగాడు.

"అక్కడి కరెంటు ఒడ్డుకి రావాలి కదండీ. కేబుల్ మీ గడిలోంచే. దాని మీద ఇక వల లాగకూడదు."

గెవిన్ డెక్ మీద కూలబడ్డాడు.

ఇన్నెస్ అతని రెక్క పట్టుకు లేపాడు.

"పద, స్టేషన్‌కి నేనూ వస్తా. నాకు మాత్రం ఇంకేం పనుందిరా?"