అట్ట మీద లేని సైనికుడు

రేపల్లె మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారు వరప్రసాదానికి ఊళ్ళో ఇంకెవరికీ లేని పిచ్చి ఒకటుండేది. ప్లాస్టిక్ సైనికుల బొమ్మలు. మద్రాసులో ఉన్న చిన్నాన్న కొడుకు ఏడాదికోసారి ఒక పెట్టె పంపేవాడు. తలలు, చేతులు, కాళ్ళు, కత్తులు అన్నీ విడివిడిగా ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వచ్చేవి. వాటిని బ్లేడుతో కోసి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, అతికించి రంగులేస్తే వేలెడంత మనిషి లేచి నిలబడేవాడు. కనుగుడ్లు దిద్దేటప్పుడు మాస్టారు ఊపిరి బిగబట్టేవాడు.

ఎనభై ఆరు డిసెంబరులో వచ్చిన పెట్టెలో రోము సైనికులున్నారు. క్రిస్మస్‌కి చర్చిలో ఏటా పెట్టే పశువుల పాక చూసి చూసి విసుగొచ్చింది మాస్టారికి. ఈసారి ఆ తరవాత జరిగింది పెడదామనుకున్నాడు. పాకలో పుట్టిన బిడ్డ తన సింహాసనానికి పోటీ వస్తాడని భయపడి రాజు పంపిన సైనికులు బేత్లెహేములో ఇల్లిల్లూ దూరి, రెండేళ్ళలోపు మగపిల్లల్ని నరికేసే దృశ్యం. చెక్కపలక మీద అట్టముక్కలతో వీధి కట్టాడు. తల్లుల్నీ పసివాళ్ళనీ మైనంతో చేశాడు.

"పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇదేం పనండీ?" అంది భార్య సుగుణమ్మ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పుట్టాడు కొడుకు. మూడు నెలలవాడు.

"ప్లాస్టిక్కే సుగుణా. కరుస్తుందా ఏంటి?"

గోడకవతల చేపల వ్యాపారం చేసే పెద్దిరాజు ఇల్లు. అతని భార్య కోటిరత్నానికీ అదే నెలలో కొడుకు పుట్టాడు. సుగుణమ్మకి పాలు పడని మొదటి వారమంతా కోటిరత్నమే ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో వేసుకుంది. "నా దగ్గర బోలెడున్నాయి, నువ్వు దిగులు పడకు అక్కా" అంది.

పెట్టె అట్ట మీద బొమ్మలో ఆరుగురు సైనికులు. ఆరుగుర్నీ చేశాక చట్రంలో ఇంకా ముక్కలు మిగిలాయి. కాళ్ళు, మొండెం, చేతులు, తల, ఒక పొట్టి కత్తి. ఎలా అతికించాలో చెప్పే లోపలి కాగితంలో వాటి ఊసే లేదు. కలిసొచ్చిందనుకుని మాస్టారు వాటినీ అతికించాడు. మిగతావాళ్ళు నోళ్ళు తెరిచి అరుస్తున్నారు. ఏడోవాడి నోరు మూసి ఉంది. తల ఓ పక్కకి వాల్చి, ఏదో చెవొగ్గి వింటున్నట్టున్నాడు.

వాణ్ణి మైనపు తల్లుల వైపు తిప్పి నిలబెట్టాడు. తెల్లారేసరికి వాడు హాల్లో చీర ఉయ్యాల వైపు తిరిగి ఉన్నాడు. ఊడ్చేటప్పుడు సుగుణమ్మ చెయ్యి తగిలుంటుందనుకున్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడు వాడి పాదాల్ని పలకకి జిగురు పెట్టి అంటించేశాడు.

ఇరవై మూడో తారీఖు సాయంత్రం సుగుణమ్మ పాటల ప్రాక్టీసుకని చర్చికి వెళ్ళింది. బాబు నిద్రపోతున్నాడు. బయట మంచు దిగుతోంది. కొత్త గడ్డి వాసన, గోడవతల నుంచి ఎండుచేపల వాసన కలిసి వస్తున్నాయి. ఇంతలో కరెంటు పోయింది.

మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు. వస్తుందిలే అనుకున్నాడు.

టిక్.

గచ్చు మీద బియ్యపు గింజ పడ్డట్టు.

టిక్... టిక్...

రంగు వాసన గుప్పుమంది. రెండు రోజులుగా రంగుడబ్బా మూత తీయనే లేదు. మాస్టారు తడుముకుని టార్చిలైటు అందుకున్నాడు. పలక ఉన్న బల్ల మీదికి వెలుగు వేశాడు. ఆరుగురున్నారు. ఏడోవాడు ఉండాల్సిన చోట పాదాలు మాత్రం ఉన్నాయి. చీలమండల పైన తెగిపోయి... తెగిన చోట తడిగా...

టిక్... టిక్... ఆగింది.

ఉయ్యాల కింద ఆగింది.

మాస్టారు మోకాళ్ళ మీద వంగాడు. వెలుగులో వాడు కనిపించాడు. మొండి కాళ్ళ మీద నిలబడి, తల వాల్చి, పైన బిడ్డ ఊపిరి వింటున్నాడు.

"వద్దు..." అన్నాడు మాస్టారు. వేలెడంత బొమ్మకి చేతులు జోడించాడు. "వద్దు... ఒక్కగానొక్కడు..."

చెవిలో ఎవరో గుసగుసలాడినట్టు వినిపించింది.

"ఒక్కడు చాలు."

అప్పుడే గోడవతల కోటిరత్నం కొడుకు ఏడ్చాడు. బొమ్మ తల మెల్లగా అటు తిరిగింది.

మాస్టారికి అర్థమైంది. తువ్వాలు వేసి వాణ్ణి ఒడిసిపట్టుకున్నాడు. గుడ్డలో వాడు వెచ్చగా ఉన్నాడు. పెరట్లోకి పరిగెత్తాడు. పొయ్యిలో నిప్పుంది. నూతిలో నీళ్ళున్నాయి. ఆ రెండూ చూశాడు. చూసి, వాణ్ణి గోడ మీంచి అవతలకి విసిరేశాడు.

తువ్వాలు మాత్రం చేతిలో మిగిలింది. పక్కింటి ఏడుపు ఆగిపోయింది.

సుగుణమ్మ తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. "బాబు లేచాడా?" అనడిగింది. "లేదు" అన్నాడు.

తెల్లవారుజామున కోటిరత్నం పెట్టిన కేకకి వీధంతా లేచింది. బిడ్డ ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. నిద్దట్లోనే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. మాస్టారు ఆ ఇల్లంతా కళ్ళతోనే వెతికాడు. బొమ్మ జాడ లేదు.

"మాస్టారూ, నా వల్ల కావట్లేదండి. మీరు ఎత్తుకోరా?" అన్నాడు పెద్దిరాజు. ఊరి చివరిదాకా ఆ బిడ్డని మాస్టారే మోశాడు. దారిలో ఎదురైనవాళ్ళు "ఎంత మంచి మనిషి" అనుకున్నారు.

ఇంటికొచ్చి పలకతో సహా అన్నిటినీ తగలబెట్టాడు. ఆ సాయంత్రమే సుగుణమ్మ అంది, "ఏమండీ, నిన్నటి నుంచి బాబు ఏడవలేదు." నిజమే. ఆకలేస్తే నోరు తెరుస్తున్నాడు. మొహం ఎర్రబడుతోంది, కన్నీళ్ళు కారుతున్నాయి. గొంతు మాత్రం రావట్లేదు. తెనాలి తీసుకెళ్ళి చూపించారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు.

నెల గడిచింది. ఓ సాయంత్రం మాస్టారు కొడుకుని ఎత్తుకుని పెరట్లో తిరుగుతున్నాడు. బాబు నోరు తెరిచాడు. అదే క్షణాన గోడవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. సుగుణమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ... అది మన బాబు గొంతు."

మాస్టారు గోడ మీంచి తొంగిచూశాడు. వసారాలో కోటిరత్నం చీర ఉయ్యాల ఊపుతోంది. వద్దన్నా వినకుండా ఇంకా దాన్ని విప్పలేదని పెద్దిరాజు అంతకుముందే చెప్పాడు. ఆమె తలెత్తింది. పెదాల మీద వేలు పెట్టింది.

"ష్... ఇప్పుడే పడుకుంటున్నాడు మాస్టారూ."

ఖాళీ ఉయ్యాల. అయినా తాళ్ళు బిగుసుకున్నాయి. చీర నడుమ కిందికి వేలాడుతోంది. ఆమె ఊపినకొద్దీ ఇంకొంచెం... ఇంకొంచెం... బరువుగా దిగుతోంది.

మాస్టారి చేతుల్లో బాబు తేలికవుతున్నాడు.