గోడలోంచి గీసిన దారి

చంకలో బిడ్డ, చేతిలో మడత పెట్టిన కాగితం. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు. యూనివర్సిటీ వ్యాన్ డ్రైవర్ భార్య డిటెక్టివ్ గదిలోకి వచ్చి కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"తొమ్మిదేళ్ళుగా తోలుతున్నాడండీ. పర్మనెంటు చేసేవాళ్ళ లిస్టు రేపు పైకి వెళ్తోంది. ఇవాళ సాయంత్రం అయిదింటికి మా ఆయన పేరు కొట్టేస్తారట. ఈ కాగితం ఆయనే రాశాడంటున్నారు."

డిటెక్టివ్ కాగితం విప్పాడు. అతని బావమరిది, అంటే అతని అసిస్టెంటు, వెనకనుంచి తొంగి చూశాడు. టైపు కొట్టిన నాలుగు ముక్కలు, కింద స్కేలుతో గీసిన పటం.

"సదస్సు పాత భవనానికి మారింది. వ్యాన్ రాదు. గెస్ట్ హౌస్ పెరటి గేటు గుండా నడిచి రండి. చూ. పటం 1. ఇట్లు, డ్రైవర్." పటం కింద ఇంకో వరుస: "మూలం: క్షేత్ర పర్యటన."

పొద్దున ఇది గెస్ట్ హౌస్‌లో దిగిన ఒక పరిశోధకురాలి తలుపు కింద దొరికింది. ఆవిడ నమ్మి నడిచింది. డ్రైవరేమో ముందు గుమ్మం దగ్గర హారన్ కొట్టుకుంటూ కూర్చున్నాడు. సదస్సు ఎక్కడికీ మారలేదు. ఆవిడ హాలు చేరేసరికి ఆవిడ వంతు అయిపోయింది.

"మీ ఆయన ఎంతవరకు చదివాడమ్మా?"

"ఏడు."

"ఏడు చదివినవాడు 'కింద బొమ్మ చూడండి' అంటాడు. 'చూ.' అని సగం మింగడు. బొమ్మకి నంబరు వేయడు. కళ్ళారా చూసి గీశానని కింద మూలం అసలే రాయడు." డిటెక్టివ్ చొక్కా తగిలించుకున్నాడు. "దొంగ ఉత్తరం రాస్తూ కూడా మూలం చూపించాడంటే వీడెవడో పండితుడే."

"అబ్బ! ఎలా పట్టేశావు బావా!" అన్నాడు బావమరిది.

"ఇంకా పట్టలేదు. అక్కడ నలభైమంది పండితులున్నారు."

సదస్సు పేరు "పల్లె బాటలు: నిన్న, నేడు". బాటల గురించి మాట్లాడటానికి వచ్చిన పెద్దమనుషులు హాలు నుంచి భోజనాల గదికి వెళ్ళడానికి వ్యాన్ కోసం వరుసలో నిలబడ్డారు. ఆ గది ఎదురుగానే కనిపిస్తోంది.

పరిశోధకురాలు కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "పెరట్లోంచి నడిచాను. దారి చివర గోడ! పాత భవనం సంగతి దేవుడెరుగు, పెరడు కూడా దాటలేకపోయాను. చుట్టూ తిరిగి, సదస్సు ఇక్కడే అని తెలిసి వచ్చేసరికి గంట ఆలస్యం."

"గోడ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"చెప్పనిస్తేగా! 'దారి తప్పాను సార్' అనగానే శాఖాధిపతిగారు 'దారుల మీద పేపరు రాసి నువ్వే తప్పావా తల్లీ' అని హాలంతా నవ్వించారు. అప్పటికే నా బదులు ఆయన శిష్యుణ్ణి ఎక్కించేశారు."

"మీ పేపరులో ఏముంది?"

"శాఖాధిపతిగారు నలభై ఊళ్ళు నడిచి బాటలు గీశానని ముప్పై ఏళ్ళ కిందట పుస్తకం వేశారు. నేను ఆ ఊళ్ళు తిరిగాను. ఒక ఊళ్ళో ఆయన బాట గీసిన చోట చెరువుంది. తాతల నాటి చెరువు."

డిటెక్టివ్ వెళ్ళి గోడ చూశాడు. దాని మీద నాచు పట్టి ఉంది.

శిష్యుడు ప్యాంటు కాలు మడిచి, సైకిలు పట్టుకుని ఎదురయ్యాడు. "పది నిమిషాల ముందు చదవమన్నారండీ. చదివాను. మూడు సదస్సుల్లో చదివిందే."

"ఎవరూ పట్టుకోలేదా?"

"వింటేగా పట్టుకోవడానికి! ఇక వదిలెయ్యండి. ఆ పెరటి గోడ కట్టిన దగ్గర్నుంచి చుట్టూ తొక్కి తొక్కి మోకాళ్ళు పోతున్నాయి."

శాఖాధిపతి కారు వరండాలోకంటా వచ్చి ఆగింది. జవాను తలుపు తీశాడు. ఆయన దిగి నాలుగడుగులు వేసి కుర్చీలో వాలాడు. బూట్లకి దుమ్ము లేదు.

"డ్రైవర్ల సంగతి మీకు తెలియదు. ఒళ్ళు వంగదు. ఎవడి చేతో టైపు కొట్టించి ఉంటాడు. వాడి పొట్ట కొట్టాలని నాకేం సరదా? క్రమశిక్షణ ఉండాలి కదా!"

నాలుగున్నరకి డిటెక్టివ్ అందర్నీ గెస్ట్ హౌస్ ముందుకి రప్పించాడు. పేర్ల లిస్టుతో రిజిస్ట్రార్ కూడా వచ్చాడు.

"ఒకసారి పాత భవనం చూసొద్దాం. పెరటి దారి ఎవరు చూపిస్తారు?"

డ్రైవర్ నోరు తెరిచాడు. డిటెక్టివ్ చెయ్యెత్తాడు. "నువ్వుండు. సార్ ముప్పై రెండేళ్ళ నుంచి ఇక్కడున్నారు. సార్ నడిపిస్తారు."

శాఖాధిపతి మురిసిపోయి ముందు నడిచాడు. బాటల పుట్టుక గురించి ప్రసంగం కూడా ఎత్తుకున్నాడు. శిష్యుడు "సార్, అటు..." అనబోతే బావమరిది అతని కాలు తొక్కాడు. మలుపు తిరిగారు. శాఖాధిపతి చాచిన చూపుడువేలు గోడకి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇక్కడ... గేటుండాలే!"

"ఉండేది. తీసేసి రెండేళ్ళయిందని రిజిస్ట్రార్‌గారు చెప్పారు." డిటెక్టివ్ కాగితం విప్పాడు. "ఈ పటంలో మాత్రం ఇంకా ఉంది. డ్రైవర్ గీశాడా? రోజూ ఇరవైసార్లు ఈ గోడని చుట్టి తోలుతున్నాడు. మీ శిష్యుడా? పొద్దున్నే సైకిలెక్కి దీన్ని తిట్టుకుంటాడు. మిగతా పండితులా? నిన్న దిగారు, ఇక్కడ ఒకప్పుడు గేటుండేదని వాళ్ళకేం తెలుసు? గేటుండేదని తెలిసి, పోయిందని తెలియని మనిషి ఈ ఆవరణ మొత్తానికి ఒక్కడే. వరండా నుంచి వరండాకి కారులో తిరిగేవాడు."

"ఇది... ఇది కేవలం ఊహ!"

"ఊహ మీది సార్. ఆ అమ్మాయి చెరువు గురించి చెబితే మీ పుస్తకం మునుగుతుంది. అందుకని ఆపాలనుకున్నారు. డ్రైవర్‌దేముంది, పోతే పోతాడు అనుకున్నారు. ఇంతా చేసి, వెళ్ళని ఊళ్ళకి బాటలు గీసినట్టే నడవని పెరటికీ గీశారు. పైగా కింద మూలం, క్షేత్ర పర్యటన! చెయ్యి తిరిగిన అలవాటు, మానుకోలేకపోయారు."

శాఖాధిపతి శిష్యుడి వైపు చూశాడు. శిష్యుడు సైకిలు గంట వైపు చూశాడు. రిజిస్ట్రార్ పెన్ను మూత బిగించి, లిస్టు అలాగే జేబులో పెట్టుకున్నాడు. "రేపు మొదటి పేపరు మీదేనమ్మా," అన్నాడు పరిశోధకురాలితో.

డ్రైవర్ వ్యాన్ తెచ్చాడు. అందరూ ఎక్కారు. ఆఖర్న శాఖాధిపతి మెట్టు మీద కాలు పెట్టబోతే, బిడ్డని చంక మార్చుకుంటూ డ్రైవర్ భార్య అడ్డం వచ్చింది. డిటెక్టివ్ దగ్గర్నుంచి తీసుకున్న కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"వ్యాన్ రాదండి. నడిచి రండి. దారి ఇందులో ఉంది."