పద్దెనిమిదో మాల

ఆ ఉదయం నాగమల్లేశ్వరి ఇల్లు తుడుస్తుంటే పూజ గది నుంచి వీధి గుమ్మం దాకా ఎర్రటి మరకలు కనిపించాయి. కుంకుమ అనుకుంది. తడిగుడ్డతో రుద్దితే జిగటగా అంటుకుంది. తలెత్తి చూస్తే గుమ్మంలో భర్త హనుమంతరావు, నల్ల పంచె, మెడలో మాలతో, భీమడోలు సెంటర్లో ఉన్న తన చేపల మేత కొట్టుకి బయల్దేరుతున్నాడు.

"స్వామీ, కాలు ఓసారి చూపించండి."

మాల వేసుకున్నాక మొగుణ్ణయినా స్వామీ అనే పిలవాలి. ఆయన కుడికాలు ఎత్తి చూపించాడు. అరికాల్లో మేకు దిగి ఉంది. చుట్టూ నల్లబడి వాసన కొడుతోంది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియదు.

పన్నెండేళ్ళుగా షుగరు. మాత్రలు వేసుకున్న రోజులకంటే మరిచిపోయిన రోజులే ఎక్కువ. రెండేళ్ళ క్రితం దీక్షలో ఉండగా, "చెప్పుల్లేకుండా ఎంత నడిచినా ముల్లూ రాయీ తెలియట్లేదు, అంతా స్వామి దయ" అన్నాడు. ఇంకేముంది, నాగమల్లేశ్వరి ఆ మాటని వీధంతా చాటింది. కాళ్ళు చచ్చుబడుతుంటే మహిమ అనుకుని మురిసిపోయారు మొగుడూ పెళ్ళాం!

కొడుకు మణిదీప్ పరుగున వచ్చి చూశాడు.

"కారెక్కండి నాన్నా. ఇప్పుడే ఏలూరు వెళ్దాం."

"తొమ్మిది రోజుల్లో ఇరుముడిరా. పద్దెనిమిదో ఏడు. మధ్యలో మాల తీస్తానా?"

"కాలు తీసేస్తారు నాన్నా!"

"స్వామే చూసుకుంటాడు."

"మీరు మాత్రం చూసుకోరు! నిరుడు చెప్పులేసుకోమంటే అమ్మ నా మీద ఇంతెత్తున లేచింది. నీకు భక్తి లేదంది. ఇదేనా అమ్మా భక్తి?"

నాగమల్లేశ్వరి గురుస్వామి సూర్యనారాయణకి ఫోన్ చేసింది. ఆయన వచ్చి కాలు చూసి నుదురు పట్టుకున్నాడు.

"షుగరుందని నాకొక్క మాట చెప్పలేదేం స్వామీ? చెప్పులేసుకోమని నేనే చెప్పేవాణ్ణి కదా."

ఆయన మాల తీస్తుంటే హనుమంతరావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపంతా కోపమై భార్య మీదికి మళ్ళింది.

"మహిమ కాదని నాకు నిరుడే తెలుసే! మరిగే నీళ్ళు పడి కాలు బొబ్బలెక్కినా చురుక్కుమనలేదు. ఊరంతా నువ్వు అంత గొప్పగా చెప్పుకుంటుంటే, కాదని ఏ మొహంతో చెప్పను?"

"నన్నంటారేంటండీ?" అని లేచింది గానీ, ఆ బొబ్బలకి మందు రాసింది ఆమే. ఆయన కిక్కురుమనకపోతే అప్పుడే ఆమెకి లోపల ఎక్కడో భయం వేసింది. ఆ భయాన్ని మింగేసి, మర్నాడు పక్కింట్లో మళ్ళీ మహిమే చెప్పింది.

ఏలూరు ఆసుపత్రిలో కుడికాలి వేళ్ళన్నీ తీసేశారు. పదోరోజున డాక్టరు గాయత్రి సన్నటి నైలాన్ పోగు పట్టుకొచ్చి, ఎడమకాలి దగ్గర కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి. ఇది తగలగానే చెప్పాలి. తెలియకపోతే ఈ కాలిని ఇప్పట్నుంచే కాపాడుకోవాలి."

హనుమంతరావు కళ్ళు మూసుకున్నాడు.

"తగిలిందండీ. అదిగో, మళ్ళీ తగిలింది. బాగానే తెలుస్తోందండీ."

డాక్టరు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

నాగమల్లేశ్వరికి దుఃఖం తన్నుకొచ్చింది. ఇంత జరిగాక కూడా ఆయన అబద్ధమే చెబుతున్నాడు. చెప్పడం నేర్పింది తనే.

"లేదండీ డాక్టరుగారూ," అంది వెక్కుతూ. "ఆయనకేం తెలియట్లేదు. రెండేళ్ళుగా తెలియట్లేదు. ఆ సంగతి నాకూ తెలుసండీ."

హనుమంతరావు కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతుంటే, చెయ్యి చాపి ఆమె చేతిని వెతుక్కున్నాడు.

"చెప్పవే," అన్నాడు. "మాత్రలు మానేసిన సంగతి కూడా చెప్పు."