ముందొచ్చిన బండి

ఇప్పటికీ నేను పానకం ముట్ట. పెండ్లికి పిలిస్తే పోత గని, ఎదురుకోళ్ల కాడ నిలబడ. "ముసలోనికి ఎంత గీర!" అని నవ్వుతరు. నవ్వుకోండ్రి. ఆ కాళ్లు మీరు కడగలే, నేను కడిగిన.

రజాకార్ల ఏడు అది, ఎండకాలం. మాది వేములపల్లి పక్కపొంటి ఊరు. మా అక్క ఉప్పలమ్మను తుంగతుర్తి దిక్కు సైదయ్యకు ఇస్తున్నం. మా ఇంటి రివాజు ఏందంటే, పెండ్లికొడుకు బండి పొలిమేర కాడ ఆగాలె. పిల్ల తమ్ముడు తల వంచి కాళ్లు కడిగి, పానకం తాపాలె. అయ్యేదాక మొఖం సూడొద్దు. ఎవని కాళ్లు కడిగితే వాడే ఆ ఇంటి అల్లుడు.

పొద్దుగూకుతుంటే తాంబాళం, చెంబు, పానకం బిందె పట్టుకొని నేనొక్కన్నే ముందుగాల పోయిన. మావోళ్లు ఎనక వస్తమన్నరు. బిందె మీద ఈగలు తోలి తోలి యాష్టకొచ్చింది. అప్పుడొచ్చింది, తెర కట్టిన సవారి బండి. ఒక్కటే బండి, మేళం లేదు. రజాకార్లకు భయపడి సప్పుడు జేస్తలేరేమో అనుకున్న. అంత దూరం నడిసిన ఎద్దులు రొప్పుతలేవు. అది నేను పట్టించుకోలే.

తెర కిందికెల్లి రెండు కాళ్లు బయటికొచ్చినయ్. పసుపు, పారాణి పెట్టి ఉన్నయ్. తల వంచి నీళ్లు పోసి రుద్దిన.

సల్లగున్నయ్... అంత ఎండకాలంల.

ఇంకింత రుద్దిన. పసుపు పోతలేదు... తోలు పోతుంది. ఉడికిన చామగడ్డ పొట్టు లెక్క నా చేతులకొచ్చింది. కింద తెల్లగ, జిగటగ. కుళ్లు వాసన గుప్పుమన్నది. ఈగలన్నీ పానకం ఇడిసి ఆ కాళ్లకు మూగినయ్. తూ! బొటనవేలి గోరు ఊడి తాంబాళంల పడ్డది. నడుమ నిలువుగ పగిలిన గోరు.

"పానకం..." అన్నరు లోపట.

చెంబుల పానకం పోసి అందిచ్చిన. గుటకల సప్పుడు... తాగినదంతా తాగినట్టే బండి పలకల సందులకెల్లి నేల మీద కారింది. ఇగ నాతోని కాలే. తుమ్మచెట్లల్లకు ఉరికి కక్కుకున్న. మర్లి సూస్తే బండి లేదు, చెంబు నేల మీదున్నది. దుమ్ముల చక్రాల జాడ సుత లేదు.

జరసేపటికి మావోళ్లు వచ్చిండ్రు, మేళం ఇనబడ్డది. అసలు సైదయ్య నవ్వుకుంట వచ్చిండు.

"తాంబాళంల నీళ్లు గిట్లున్నయేందిరా?" అన్నడు మా నాయిన ముత్తయ్య.

చెప్తే పెండ్లి ఆగుతది. పీటల మీది పెండ్లి ఆగితే మా అక్కను మల్లెవడు చేసుకుంటడు? "దుమ్ము వడ్డది నాయినా" అన్న. గోరుతోటి సహా నీళ్లు పొదలల్ల పారబోసి, సైదయ్య కాళ్లు కడిగిన. ఎవ్వలకు చెప్పలే. నా నోట్ల మన్నువడ!

పదారు రోజుల పండుగకు అక్కాబావలను తోలుకొచ్చిన. బావ మంచోడే, అరుగు మీద మా నాయినతోని ముచ్చట పెడుతుండు. అక్క అన్నం ముట్టలే. దగ్గరికి పోతే... అదే వాసన.

"పానం మంచిగ లేదానే?"

"నిద్ర లేదు తమ్మీ. ఇద్దరి నడుమ పండుకుంటే నిద్రేడొస్తది?"

"ఇద్దరేందే అక్కా?"

అక్క కొంగు సర్దుకున్నది. మెడల పసుపుతాడు కనబడ్డది. రెండు పుస్తెల నడుమ, తాడుకు గుచ్చి, పసుపు రాసి... నిలువుగ పగిలిన గోరు. దాని మీద ఈగ వాలింది. అక్క తోలలే.

"ఎవలు గుచ్చిండ్రే అది?" అన్న.

అక్క నా చేతుల దిక్కే సూసింది.

"తాంబాళం పట్టుకరా పో," అన్నది మెల్లగ. "ముందొచ్చినాయన వాకిట్ల నిలబడ్డడు. కాళ్లు నువ్వే కడగాల్నట."