గడువమ్మ పక్కన పెట్టిన మూడు కవర్లు

పొద్దున్న ఏడు కాకముందే ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. సోఫా మీద రాజకీయ వార్తలు, కుర్చీల్లో క్రీడలు, టీవీ ముందు ఫోటోలు. కథనాల కట్ట అన్నిటికంటే పెద్దది కాబట్టి దానికి భోజనాల బల్ల ఇచ్చేశారు. ఇంట్లోవాళ్లు వంటింట్లో నిలబడి కాఫీ తాగుతున్నారు. ఏటా ఈ పది రోజులూ ఇంతే.

ఊళ్లోని పాత్రికేయుల సంఘానికి సొంత గదంటూ లేదు. కార్యదర్శి ఇల్లే ఆఫీసు. పదకొండేళ్లుగా ఆ కార్యదర్శి ఈ ఇంటి ఇల్లాలు. ఏటా జరిపే ఉత్తమ వార్తల పోటీకి ఎంట్రీలు తీసుకునేదీ, ఫలితాలు ప్రకటించేదీ ఆవిడే. ఆఖరి రోజు సాయంత్రం అయిదు దాటి ఒక్క నిమిషమైనా కవరు ముట్టుకోదు. ఒకసారి సంఘం అధ్యక్షుడే అయిదూ రెండు నిమిషాలకి గేటు దగ్గరికి వస్తే, చల్లటి మంచినీళ్లిచ్చి కవరుతో సహా సాగనంపింది. ఆ రోజు నుంచి ఆవిడ అందరికీ గడువమ్మ. అసలు పేరు సంతకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పోటీకి న్యాయనిర్ణేతలు పక్క ఊరి సంఘంవాళ్లు. వీళ్ల రాతలు వాళ్లు చూస్తారు, వాళ్ల రాతలు వీళ్లు చూస్తారు. ఏది ఎవరు రాశారో తెలియకూడదు కాబట్టి, ప్రతి కథనం మీదా పేరు కనబడకుండా తెల్లకాగితం చీటీ అంటించి పైన నంబరు వేస్తారు. ఆ అంటించే పని గడువమ్మ అత్తగారిది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చూపు చురుకు, నోరు అంతకంటే చురుకు. ప్రతి పేరూ పైకి చదవందే ఆవిడకి చెయ్యి ఆడదు.

"వీడి పేరు చూడవే కోడలా, రైలుబండంత ఉంది. ఒక్క చీటీ చాలదు."

"రెండు అంటించండి అత్తయ్యా. పైకి మాత్రం చదవకండి, రహస్యం."

"వినడానికి ఇక్కడ ఎవరున్నారే? నీ మొగుడా? వాడికి పిలిస్తేనే వినబడదు."

ఆ మొగుడు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. సర్టిఫికెట్ల మీద గెలిచినవాళ్ల పేర్లు ముత్యాల్లా రాసిపెట్టడం ఆయన వంతు. వంటింట్లో కప్పులు కడుగుతూ, వినబడనట్టే నవ్వుకున్నారు.

అప్పుడే కూతురు సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. చిన్న దినపత్రికలో నాలుగేళ్లుగా విలేకరి. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని పిచ్చుక అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. ఈ మధ్య ఆ పిచ్చుక కిచకిచలాడటం మానేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"నీ కవరేదే? ఇవాళే ఆఖరు," అంది గడువమ్మ, తలెత్తకుండా.

"ఈసారి పంపలేదమ్మా."

గడువమ్మ ఊపిరి తేలికపడింది. ఈ ఏటికి గండం గడిచిందనుకుంది. ఆ ఊపిరి పూర్తిగా వదలనేలేదు, కూతురు మళ్లీ అంది.

"ఇక ఎప్పుడూ పంపను కూడా. పేపరు మానేస్తున్నాను. సిమెంటు కంపెనీలో వాళ్ల పత్రిక చూసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు. రేపటిలోగా చెప్పాలి. రాజీనామా రాసేశాను, ఇవాళ ఇచ్చేస్తా."

మాస్టారు తడిచేతులతోనే వచ్చారు. "అదేంటే? వార్తంటే అన్నం కూడా వదిలేసి పోయేదానివి!"

"పోతే సరిపోతుందా నాన్నా? మూడేళ్లు వరసగా పోటీకి పంపాను. మొదటి బహుమతి అడగలేదు. ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. మనకంటే తెలిసినవాళ్లు, నా మొహం కూడా చూడనివాళ్లు, చదివి పక్కన పడేశారు. ఒకసారంటే పొరపాటు. మూడుసార్లూ పొరపాటేనా? నాకు రాయడం రాదు. ఆ ముక్క ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు అది.

అత్తగారు జిగురు పుల్ల పట్టుకుని మనవరాలి వంక చూశారు.

"వాళ్లు పక్కన పడేశారో లేదో నాకు తెలీదు గానీ, నీ పేరు మీద నేనెప్పుడూ చీటీ అంటించలేదేమిటే?"

"అంటే?"

"అంటే ఏముంది? ప్రతి కాగితం నా చేతి మీదుగానే పోతుంది కదా. నీ పేరు వస్తే నాలుగు అక్షింతలు వేసి మరీ అంటిద్దామని ఏటా చూస్తా. రాదు. మనింటి పిల్ల కదా, మీ అమ్మే అంటించుకుంటోందేమో అనుకున్నా."

పిచ్చుక తల్లి వైపు తిరిగింది. గడువమ్మ తేలు కుట్టిన దొంగలా కాగితాలు సర్దుతూనే ఉంది. సర్దినవే మళ్లీ సర్దింది.

"అమ్మా. నావి పక్క ఊరికి పంపావా?"

"ముందు కాఫీ తాగు. తర్వాత..."

"పంపావా, లేదా?"

ఎదుటివాళ్లు నీళ్లు నమిలితే ఎలా అడగాలో నాలుగేళ్లలో నేర్చుకున్న పిల్ల. గడువమ్మకి తప్పించుకునే దారి దొరకలేదు.

"లేదు," అంది.

"మూడూ?"

"మూడూ. సంఘంలో పదవిలో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లు పోటీకి పనికిరారు. అది నియమం. నాకు ముందున్న కార్యదర్శి అల్లుడికి మూడేళ్లు వరసగా మొదటి బహుమతి వచ్చింది. నిజంగానే బాగా రాసేవాడు, కానీ ఎవరు నమ్మారు? సంఘం పరువు బజారున పడింది. నేను వచ్చాక ఆ నియమం పెట్టించాను. అప్పటికి నువ్వింకా స్కూల్లో ఉన్నావు."

"ఎంట్రీ ఫారం మీద లేదే!"

"ఇన్నాళ్లూ అవసరం పడలేదు. నియమావళిలో ఉంది."

పిచ్చుక గోడ అలమారలోంచి ఆ పుస్తకం లాగింది. అచ్చువేసినవాడు కూడా చదివి ఉండని పుస్తకం అది. నిలబడే పేజీలు తిప్పి, ఒక చోట ఆగి పైకి చదివింది.

"పద్నాలుగు. నువ్వు చెప్పిందే. సరే. పదిహేను విను. 'అనర్హమైన ఎంట్రీని, కారణం రాతపూర్వకంగా తెలుపుతూ, మూడు రోజుల్లో తిప్పి పంపవలెను.' నాకు ఏ ఉత్తరమూ రాలేదే?"

గడువమ్మ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందన్నమాట," అని గొణిగారు అత్తగారు. సరదాకి అనలేదు. కోడలి మొహం చూశాక, అన్నందుకు బాధపడ్డారు కూడా.

పిచ్చుక గొంతు అప్పుడు పగిలింది. "ఏటా ఫలితాల రోజు నీ పక్కనే కూర్చున్నానమ్మా. నువ్వు నా తల నిమిరి, 'వచ్చే ఏడాది చూద్దాంలే' అన్నావు. మూడుసార్లు అన్నావు! నేను రాత్రిళ్లు అవే కాగితాలు ముందేసుకుని ఎక్కడ తప్పుందా అని వెతుక్కున్నాను. ఎవరి చేతిలో ఓడిపోయాను నేను? అసలు పోటీలోనే లేనుగా!"

"చెబుదామనే అనుకున్నానే..."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను దిగిపొమ్మంటావని." ఆ మాట అనేసరికి గడువమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది. "నేను పనిచేసిన పేపరు మూతపడ్డాక నాకు మిగిలింది ఈ బల్లా, ఈ కవర్లే. ఇవి కూడా పోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో నాకు తెలీదే. నీకు రెండో ఏడాదో మూడో ఏడాదో ఆసక్తి పోతుందిలే, గొడవ దానంతటదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

"పోయిందిగా. సర్దుకుంది." పిచ్చుక చెప్పులేసుకుంది. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండా అడిగింది. "కనీసం చదివావా?"

"లేదు."

"ఒక్కటైనా?"

"చదివితే, బాగుంటే పక్కన పెట్టలేను. బాగాలేకపోతే నీ మొహం చూడలేను. అందుకే కవర్లు విప్పలేదు."

పిచ్చుక వెళ్లిపోయింది. తలుపు మెల్లగానే వేసింది. గట్టిగా వేసి ఉంటే గడువమ్మకి కాస్త ఊరటగా ఉండేది.

మాస్టారు తడిచేతులు తుడుచుకున్నారు. తర్వాత భార్య పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఏటా సర్టిఫికెట్లు రాసేటప్పుడు దాని పేరుందేమోనని ఆఖరి కాగితం దాకా చూసేవాణ్ణి. నాకైనా చెప్పాల్సింది."

"మీకు చెబితే మీరు దానికి చెప్పేసేవారు."

"చెప్పేసేవాణ్ణే," అన్నారాయన. "చెప్పాల్సిన మాటే కదా."

ఆ రోజు గడువమ్మ చేసిన పని పదకొండేళ్లలో ఎన్నడూ చెయ్యనిది. గేటు దగ్గర కవర్లు తీసుకునే బాధ్యత భర్తకి అప్పజెప్పింది. "అయిదు దాటితే తీసుకోకండి" అని చెప్పడం మాత్రం మర్చిపోలేదు. బట్టల బీరువా అడుగు నుంచి మూడు కవర్లు తీసి, లోపలిగదిలో కూర్చుని విప్పింది.

ఒకటికి రెండుసార్లు చదివింది. ఆ మూడేళ్లలో మొదటి బహుమతి పొందిన కథనాల ఫైలు తెచ్చి పక్కన పెట్టుకుని మళ్లీ చదివింది. మధ్యాహ్నం అత్తగారు భోజనానికి పిలవడానికి వచ్చి, కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఎర్రకలంతో రాస్తుండటం చూసి, పళ్లెం అక్కడికే తెచ్చిపెట్టారు.

పిచ్చుక ఆరింటికి వచ్చింది. ముందుగదిలో ఎవరి వంకా చూడకుండా తన గదికి పోబోతుంటే తల్లి ఎదురొచ్చి మూడు ఉత్తరాలు చేతిలో పెట్టింది. సంఘం పేరు అచ్చువేసిన కాగితాలు, కింద ముద్ర, సంతకం.

"పదిహేనో నియమం," అంది గడువమ్మ. "ఆలస్యమైంది."

పిచ్చుక నిలబడే మొదటిది చదివింది.

'బస్సు డిపోలో పోయిన వస్తువుల గది గురించి మీరు పంపిన కథనాన్ని పద్నాలుగో నియమం ప్రకారం పోటీకి స్వీకరించలేకపోయాము. ఈ సంగతి మూడు రోజుల్లో తెలపవలసింది, మూడేళ్లు పట్టింది. తప్పు పూర్తిగా కార్యదర్శిది.' దాని కింద ఎర్రకలంతో ఉంది: 'విషయం మంచిది, రాతలో తొందర. గదిలో వస్తువుల కంటే నువ్వే ఎక్కువ కనబడుతున్నావు. దీనికి బహుమతి రాదు.'

పిచ్చుకకి తెలియకుండానే పెదవి కొసన చిన్న నవ్వు వచ్చింది. అది నిజమని ఆమెకీ తెలుసు.

రెండోది ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయిన నాలుగు నెలల గురించి. 'స్ట్రెచర్ మోసేవాళ్ల భుజాల మీద రాసిన పేరా దగ్గర ఆగిపోయాను. చివర్లో ఉపన్యాసం ఇచ్చావు. అది కొట్టేస్తే మూడో స్థానానికి గట్టి పోటీ.'

మూడోది పోయినేటిది, శవాగారంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న అటెండరు గురించి రాసింది. పిచ్చుక దాన్ని చదువుతూ కుర్చీ మీద ఉన్న క్రీడల కట్ట మీదే కూర్చుండిపోయింది. గడువమ్మ వారించలేదు.

'ఆ ఏడాది మొదటి బహుమతి పొందిన కథనం పక్కన పెట్టుకుని చదివాను. ఇది దానికంటే మెరుగు. తల్లిగా రాస్తున్న మాట కాదు, ముప్ఫై ఏళ్లు ఈ పని చేసినదానిగా రాస్తున్నాను. ఈ మాట నీకు పోయినేడే అందాలి. అందకుండా చేసింది నేను. ఒక్క లోటు ఉంది. ఇంటికి వెళ్లాక తన పిల్లల్ని ముట్టుకునే ముందు అతను ఏం చేస్తాడని నువ్వు అడగలేదు.'

పిచ్చుక కళ్లలోంచి నీళ్లు కారి కాగితం మీద పడ్డాయి. కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"అడిగాను," అంది.

"ఏమన్నాడు?"

"ఏమీ చెయ్యనివ్వరమ్మా, కాళ్లు కూడా కడుక్కోనివ్వరు, గేటు చప్పుడైతే చాలు వచ్చి మీద పడతారు అన్నాడు. ఆ ముక్క చెప్పి అతనే ఏడ్చాడు."

"మరి అది ఎందుకు రాయలేదే? మొత్తం కథనానికి ప్రాణం అదే కదా!"

"రాయాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఎవరినైనా అడుగుదామనుకున్నా. నిన్నే అడుగుదామనుకున్నా." ఉత్తరం మీద పడ్డ తడిని వేలితో అద్దింది. "పోటీ అయ్యేదాకా నీతో ఆ మాట ఎత్తకూడదని, నీకు మాట రాకూడదని, ఊరుకున్నాను."

గడువమ్మ ఇక నిలబడలేకపోయింది. ఊరందరి రాతలూ భద్రంగా చూసుకుంటూ, సలహా కోసం తన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన ఒక్క విలేకరిని చూసుకోలేకపోయింది. ఆ విలేకరి తన పరువు కాపాడటానికే ఆగింది. కూతురి ముందు నేల మీద కూర్చుని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించవే. అధ్యక్షుడికి కూడా ఉత్తరం రాశాను, ఏం చేశానో అంతా. సభలో పెట్టమన్నాను. దిగిపొమ్మంటే దిగిపోతాను."

పిచ్చుక తల్లి తల మీద చెయ్యి వేసింది. పొద్దుటి కోపం పూర్తిగా పోలేదు, కానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అది సభ తేల్చుకుంటుందిలే. నాకు బహుమతి వద్దమ్మా. రాసింది చదువు. బాగాలేకపోతే బాగాలేదని చెప్పు. అది చాలు."

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ముక్కు చీదారు. మాస్టారు అడగలేక అడగలేక అడిగారు.

"రాజీనామా ఇచ్చేశావా తల్లీ?"

"ఎడిటరు ఇవాళ రాలేదు నాన్నా."

"మరి రేపు?"

పిచ్చుక మూడో ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది.

"రేపు ఆయన వస్తాడు. నేనుండను. అటెండరు ఇంటికి వెళ్తున్నాను, ఆ పిల్లల్ని చూడాలి."