స్విచ్చు మీద ఎర్ర పలక

ఉదయపు ఎండ కిటికీ చువ్వల నీడలను బల్ల మీద పరిచింది. ఆ బల్ల ముందు కోడలు చేతులు కట్టుకొని నిలబడి కంప్యూటరు వంక చూస్తున్నది. "మార్పులు రద్దవుతున్నాయి, యంత్రాన్ని ఆపవద్దు" అన్న అక్షరాలు, వాటి కింద మెల్లగా పెరుగుతున్న ఒక అంకె తప్ప తెర మీద మరేమీ లేదు.

"ఏం చేస్తోందమ్మాయీ ఇది?" కాఫీ గ్లాసుతో వచ్చిన మామగారు అడిగారు.

"వెనక్కి నడుస్తోంది మామయ్యగారూ. నిన్న మీ అబ్బాయి ఏదో అప్‌డేట్ ఎక్కించారు. అప్పట్నించి నా పేజీల సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటోంది. అందుకే నిన్నటికి ముందు ఎలా ఉండేదో అలా మార్చమన్నాను. నేను ప్రెస్సుకెళ్లి అట్ట నమూనా చూసొస్తాను. మీరు కాస్త దీని పక్కన కూర్చుంటారా? ఎవరూ ముట్టుకోకుండా చూస్తే చాలు. మీరుంటే నాకు ధైర్యం."

ఆ చివరి మాట పెద్దాయనకు ఎంతో తృప్తినిచ్చింది. లిఫ్టులు బాగుచేయడంలో జీవితం గడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఎందరో ఆయన బిగించిన తాళ్లను నమ్మి పైకెక్కి, క్షేమంగా కిందికి దిగారు. ఈ మధ్య మాత్రం ఆయన చేతికి ఎవరూ ఏదీ అప్పగించడం లేదు. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చున్నారు.

కోడలు పుస్తకాల పేజీలు కూర్చే మనిషి. ప్రెస్సులో ఉద్యోగం మానుకొని సొంతంగా చేపట్టిన తొలి పని ఒక విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకం. సాయంత్రానికి దానిని అందించాలి, లేదా పని మరొకరి చేతికి పోతుంది. కిందటి వారం వరకు చేసిన పేజీలకు నకలు విడిగా ఉన్నది. ఈ వారమంతా కూర్చుని దిద్దిన తప్పులు మాత్రం ఈ కంప్యూటరు పెట్టెలోనే ఉన్నాయి.

అంకె పెరిగి పెరిగి ఒకచోట ఆగింది. పెద్దాయన కాఫీ ముగించారు, అది కదలలేదు. వార్తాపత్రిక చివరి పేజీ దాకా చదివారు, అయినా కదలలేదు. పెట్టెలోని పంకా చప్పుడు సన్నగిల్లి నిలిచిపోయింది. రెండు అంతస్తుల నడుమ లిఫ్టు చిక్కుకుంటే మొదట ఏం చేయాలో ఆయన చేతులకు తెలుసు. కరెంటు తీసివేయాలి. అన్నేళ్లూ మనుషుల ప్రాణాలు కాపాడిన ఆ నియమమే ఇప్పుడు ఆయన చేతిని గోడ వైపు నడిపించింది. ఆయన స్విచ్చు నొక్కారు. తెర నల్లబడింది. చేయి వెనక్కి తీసుకున్నాక గాని ఆపవద్దన్న మాట గుర్తుకు రాలేదు.

మళ్లీ వేసి చూశారు. యంత్రం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. చివరకు ఒక వాక్యం దగ్గర నిలబడింది: "పూర్వస్థితికి మార్చడం విఫలమైనది."

కోడలు వచ్చి ఆ వాక్యం చదివి, చేతి సంచీ దింపకుండానే కూలబడింది. చప్పుడుకు కొడుకు పక్కగదిలో నుండి వచ్చాడు. మందుల దుకాణంలో అతనికి ఆ రోజు మధ్యాహ్నం నుండి పని.

"దానంతటదే ఎందుకు చెడుతుంది? తొందర్లో నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేనా? నిన్న అప్‌డేట్ నొక్కిందెవరు?"

"అది అడిగింది, సరేనన్నాను."

"అది అడిగితే వెంటనే సరే. నేను ఏదన్నా అడిగితే మాత్రం ఆలోచిద్దాం అంటారు."

"ఇప్పుడా మాటలెందుకు? ప్రెస్సులో ఉంటే ఈ తలనొప్పి వాళ్లే పడేవాళ్లు. ఇంట్లో కూర్చుని చేస్తానని పట్టుబట్టావు."

కోడలి ముఖం పాలిపోయింది. "సరేనండి. ఇదొక్కటీ ముగించి, రేపే వెళ్లి మళ్లీ ఉద్యోగం ఇమ్మని అడుక్కుంటాను. మీ మనసు చల్లబడుతుందిగా."

పెద్దాయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడవసాగారు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచారు. మళ్లీ తుడవడంలో పడ్డారు. ఈ ముసలి చేతులకు ఇక ఏదీ అప్పగించకూడదని రేపటి నుండి అందరూ అనుకుంటారు. ఆయన అబద్ధమాడలేదు. అయినా ఒకరి నిందను మరొకరి నెత్తిన మోపే మౌనం అబద్ధం కంటే ఏ విధంగా మేలు?

బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఓరగా చూసింది. "ఇందాకటి నుంచీ తుడుస్తూనే ఉన్నారు. అద్దాలు అరిగిపోతాయి. ఏమైంది మీకు?"

"ఏం లేదు," అన్నారాయన.

కోడలు, పాత ప్రెస్సులో కంప్యూటర్లు చూసే మనిషికి ఫోన్ చేసింది. జేబులో ఎప్పుడూ నాలుగైదు పెన్‌డ్రైవులు గలగలలాడుతుంటాయి గనుక అందరూ అతన్ని పెన్‌డ్రైవ్ అన్నయ్య అంటారు. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినిపించేలా మాట్లాడింది.

"ఒక్క మాట చెప్పమ్మా," అన్నాడతను. "మధ్యలో కరెంటుగానీ పోయిందా? ఎవరన్నా ఆపారా?"

"లేదన్నయ్యా. మామయ్యగారు పక్కనే కూర్చుని చూశారు. ఆయన చూశారంటే నేను చూసినట్టే." ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నది.

"అయితే దానంతటదే చెడింది. వెనక్కి వెళ్లడానికి దాచుకున్న కాపీలే పాడైనట్టు లెక్క. నా దగ్గరకు తెస్తే లోపలివి తీయడానికి ప్రయత్నిస్తాను, కానీ ఇవాళ తేలదు. సాయంత్రానికి కావాలంటే మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించుకోవడమే. పాత నకలుందన్నావుగా."

"ఉంది. ఈ వారం దిద్దినవన్నీ పోతాయి."

"పోతాయమ్మా."

"తుడిచెయ్," అన్నాడు కొడుకు, ఈసారి మెత్తగా. "ఎన్ని వీలైతే అన్ని మళ్లీ దిద్దుకుందువు. నేను సెలవు పెట్టి చదివి పెడతాను."

అన్నీ తుడిచివేయాలా అని తెర అడిగింది. కోడలు కన్నీళ్లు ఆపుకుంటూ వేలు మీట మీద ఉంచింది.

"ఆగమ్మా." పెద్దాయన లేచి నిలబడ్డారు. "దానంతటది చెడలేదు. నేను ఆపాను."

ఆయన గోడ మీది స్విచ్చు వైపు చూపించారు.

"అంకె కదలకపోతే చిక్కుకుందనుకున్నాను. లిఫ్టు అనుకుని మెయిన్ తీసేశాను."

"పొద్దుటి నుంచీ మేమిద్దరం కొట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావా నాన్నా?"

"కూర్చున్నానురా. స్విచ్చు ఆపడం తెలియక చేశాను. నోరు మూసుకోవడం తెలిసే చేశాను. అమ్మాయి నా మీద నమ్మకంతో అతనికి లేదని చెప్పాక, ఇంక నావల్ల కాలేదు."

కోడలు ఆయన వైపు చూడలేదు. వేలు మీట మీద నుండి తీసి ఫోన్ దగ్గరకు వంగింది. "అన్నయ్యా, విన్నారా? మధ్యలో కరెంటు తీశారట."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? అయితే కాపీలు బాగానే ఉండొచ్చు. పని సగంలో నిలిచింది, అంతే. కంప్యూటరు కొన్నప్పుడు నేనిచ్చిన పెన్‌డ్రైవ్ ఉందా? దాంతో మొదలుపెట్టి, సగంలో ఆగిన పనిని రద్దు చెయ్. తర్వాత మళ్లీ పాత స్థితికి వెళ్లు. ఎంతసేపు కదలకపోయినా ముట్టుకోకండి. పెద్దాయనకి కూడా చెప్పు."

అత్తగారు పెదవి బిగించి నవ్వు ఆపుకున్నది.

అతను చెప్పినట్టే చేశారు. తెర మీద మళ్లీ అంకె మొదలైంది. పెద్దాయన మెల్లగా తలుపు వైపు నడిచారు.

"ఎక్కడికి మామయ్యగారూ?"

"నేనిక్కడ ఉండకపోవడమే మంచిదమ్మా."

కోడలు కుర్చీని ఆయన వైపు తిప్పింది. ఆమె కళ్లలో కోపం ఇంకా ఆరలేదు. "నాకు చాలా కష్టమనిపించింది. అది వేరే సంగతి. పొద్దున మీకు సగమే చెప్పి వెళ్లాను. అంకె కదలకపోయినా అది పనిచేస్తూనే ఉంటుందని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. కూర్చోండి. నేను ఆ పాత నకలు తీసి ఒకసారి చూసుకోవాలి."

ఆయన కూర్చోలేదు. లోపలికి వెళ్లి, తన పనిముట్ల సంచీ నుండి అరచేయంత ఎర్ర రేకు పలకను తెచ్చారు. "మనిషి పనిలో ఉన్నాడు, ముట్టుకోవద్దు" అని దాని మీద రంగు వెలిసిన అక్షరాలు. దానిని గోడ మీద స్విచ్చుకు వేలాడదీసి, అప్పుడు కూర్చున్నారు. అంకె పొద్దుటి చోటనే నిలిచింది. ఆయన చేతులు రెండూ మోకాళ్ల నడుమ ఇరికించుకొని, మనసులో భగవంతుని తలచుకున్నారు.

అంకె ముందుకు కదిలింది.

మధ్యాహ్నానికి తెర నిండా పేజీలు పరచుకున్నాయి. కోడలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. దిద్దుబాట్లన్నీ పదిలంగా ఉన్నాయి. సెలవు పెట్టి ఉండిపోయిన కొడుకు ఊపిరి వదిలి, ఆమె భుజం మీద చేయి వేశాడు. "ఉద్యోగం మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. "ఈ వెనక్కి తీసుకోవడం విఫలం కాదు."

పెద్దాయన పలక వంక చూపించారు. "అమ్మాయీ, ఆ పలక తగిలించింది నేనే అయినా, తీసే హక్కు లోపల పనిచేసే మనిషిదే. మా పనిలో అదీ నియమం. పని అయిందనుకుంటే నువ్వే తియ్యి."

కోడలు స్విచ్చు దగ్గరకు వెళ్లి, వంకరగా వేలాడుతున్న పలకను సరిచేసింది. తీయలేదు.

"నా పని ఇంకా చాలా ఉంది మామయ్యగారూ. ఉండనివ్వండి," అన్నది.

ఆయన మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి అద్దాలు నిజంగానే తడిశాయి.